చిన్నపిల్లలకు 'ఏ ప్రాణి ఎక్కడ ఉంటుంది' పాఠం ఎలా చెబుతున్నారు?

అడిగినవారు: లంక ఊరి అంగన్‌వాడీ టీచర్

అందరికీ నమస్కారం. మాది కైకలూరు దగ్గర కొల్లేటి లంక. మా కేంద్రంలో మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు. ఈ నెల జంతువులు, మొక్కలు, అవి ఉండే చోట్ల గురించి చెప్పాలి. మా చార్టులో మూడు గళ్లున్నాయి: నేల, నీరు, ఆకాశం. నేల మీద సింహం, నీళ్లలో సొరచేప, ఆకాశంలో గద్ద. నాలుగేళ్ల బాబు ఒకడు గద్ద బొమ్మ మీద వేలు పెట్టి, "టీచర్, ఇది పడుకునేది కూడా పైనేనా? పడిపోదా?" అన్నాడు. పక్కనున్న పాప, "కాదురా, మా తాడిచెట్టు మీద పడుకుంటది" అంది. ఇక కప్ప ఏ గడిలోకి వస్తుందన్న దాని మీద పెద్ద పంచాయితీ జరిగింది.

మొక్కలన్నీ 'నేల' గడిలోనే ఉన్నాయి. మా పిల్లలు బయటికొస్తే కనపడేవి తామర, తుంగ, గుర్రపుడెక్క. ఖర్చు లేకుండా, మా ఊళ్లో దొరికేవాటితో ఎలా చెప్పాలి? పిల్లల్ని నీళ్ల దగ్గరికి తీసుకెళ్లాలంటే మాత్రం నాకు భయం.

జవాబు: భీమవరం నుంచి ఎల్‌కేజీ టీచర్

టీచర్ గారూ, ఆ పాప మాటతోనే పాఠం మొదలుపెట్టండి. గద్ద ఆకాశంలో ఎగురుతుంది గానీ అక్కడ కాపురం ఉండదు. నేను ఏ ప్రాణి గురించయినా పిల్లల్ని మూడే అడుగుతాను. ఎక్కడ తింటది? ఎక్కడ పడుకుంటది? గుడ్లో పిల్లలో ఎక్కడ పెడతది? మీ ఆటపాక పక్షుల కేంద్రంలోని గూడబాతునే (పెలికాన్) తీసుకోండి. తిండి నీళ్లలో, గూడేమో చెట్ల మీద, అటవీశాఖవాళ్లు వేసిన స్టాండ్ల మీద. ఒక గడిలో ఇరికిస్తే సగం సంగతి పోయినట్టే. కప్పనయితే రెండు గళ్ల మధ్య గీత మీద కూర్చోబెట్టండి, పిల్లలు వెంటనే ఒప్పుకుంటారు.

నాకు బాగా పనికొచ్చేది చేపల పాఠం. మీ పిల్లల ఇళ్లలో సగం మంది చెరువుల పనికి వెళ్లేవాళ్లే కదా. బజారు నుంచి ఒక బొచ్చె, ఒక శీలావతి, ఒక మోసు తెచ్చి పళ్లెంలో పక్కపక్కన పెట్టండి. నోళ్లు మాత్రమే చూడమనండి. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, అది నీళ్ల పైభాగంలో మేస్తుంది. మోసు నోరు కిందికి ఉంటుంది, అడుగున మేస్తుంది. శీలావతి మధ్యలో తిరుగుతుంది. అందుకే మనవాళ్లు మూడింటినీ ఒకే చెరువులో పెంచుతారు. మా క్లాసులో ఒక పిల్లవాడు మోసు నోటి కింద వేలు పెట్టి, "ఇది బురద తినే నోరు" అన్నాడు. ఆ వయసుకి అంతకన్నా ఏం కావాలి! ప్రాణి ఒంటికీ అది ఉండే చోటుకీ లంకె ఉందని వాడు కళ్లారా చూశాడు. సొరచేప బొమ్మ ఎంత పెద్దదైనా ఈ పని చెయ్యదు.

మొక్కలకి తామరకాడ తెప్పించండి. కాడ మీద సన్నటి ముళ్లు ఉంటాయి, గుడ్డతో గట్టిగా తుడిస్తే పోతాయి. అడ్డంగా కోస్తే లోపల గొట్టాల్లా రంధ్రాలు కనపడతాయి. ఒక కొస నీళ్ల బేసిన్‌లో పెట్టి రెండో కొస నుంచి ఊదితే బుడగలొస్తాయి. బురదలో గాలి ఆడదు కాబట్టి ఆకు దగ్గర్నుంచి వేరుదాకా గాలి వెళ్లే దారి అది. ప్రతి పిల్లకీ వేరే ముక్క ఇవ్వండి, ముందు మంచినీళ్లతో కడగండి. గుర్రపుడెక్కనయితే అదే బేసిన్‌లో ముంచి వదలమనండి, టపీమని పైకి తేలుతుంది. ఆ ఉబ్బిన కాడ చీల్చి చూపిస్తే లోపల స్పాంజిలా ఉంటుంది.

నీళ్ల దగ్గరికి వెళ్లక్కర్లేదు, బేసిన్ చాలు. మీ భయం సరైనదే. కొల్లేటి గట్టున పదిమంది పసిపిల్లల్ని ఒక్కరే కాయలేరు.

జవాబు: తాళ్లరేవు నుంచి

మా కోరింగ మడ అడవుల వైపు పిల్లల్ని నేను మడచెట్టు ఆకు నాకి చూడమంటాను. తెల్లమడ అనే రకం ఉప్పునీళ్లలోనూ బతుకుతుంది, ఎక్కువైన ఉప్పుని ఆకుల మీదికి తోసేస్తుంది. కడగని ఆకు నాలిక మీద పెడితే ఉప్పగా తగులుతుంది. ఆ మొహాలు చూడాలి మీరు! ఒక పిల్ల రెండో ఆకు అడిగింది, 'మామిడికాయతో తింటాను' అని. ఆ మడచెట్టు వేర్లు బురదలోంచి పుల్లల్లా పైకి పొడుచుకొస్తాయి, గాలి పీల్చుకోవడానికి. మీ తామరకాడ చేసే పనే.

ఒక్క హెచ్చరిక. ఆకు మనమే కోసి తేవాలి, పిల్లల్ని కోయనివ్వకూడదు. అదే మడల్లో తిల్ల చెట్టుంటుంది. దాని పాలు ఒంటి మీద పడితే బొబ్బలెక్కుతాయి, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. మీరూ మొక్కని నూరు శాతం గుర్తుపట్టాకే ముట్టుకోండి.

జవాబు: హైదరాబాద్, ఇద్దరు పిల్లల తండ్రి

మేడమ్, సింహం, సొరచేప, పెంగ్విన్ లాంటి దూరపు ప్రాణుల్ని పూర్తిగా తీసేయమంటారా? మా చిన్నోడికి పెంగ్విన్లంటే ప్రాణం. మేముండేది నాలుగో అంతస్తు, మాకు తామరా లేదు, చెరువూ లేదు.

జవాబు: భీమవరం టీచర్

తీసేయొద్దండీ, తర్వాత చెప్పండి. ముందు చేతికందేవి. మీ బాల్కనీలో పావురం ఉంటుంది కదా! దాని పూర్వీకులు కొండచరియల అంచుల మీద గూడు పెట్టే పక్షులు. మీ ఏసీ డబ్బా మీద చోటు దానికి కొండ అంచే. ట్యూబ్‌లైట్ వెనక బల్లి ఎందుకు కాపు కాస్తుందో బాబుని రాత్రి చూసి చెప్పమనండి. గోడ పగుల్లో రావిమొక్క ఎక్కడైనా ఉంటే, అది అక్కడికి ఎలా వచ్చిందో అడగండి. రావిపండు తిన్న పక్షి రెట్టలో గింజ పడింది. ఇవి చూసిన పిల్లవాడికి పెంగ్విన్ ఒంటి కింద అంత కొవ్వెందుకో చెబితే ఇట్టే పట్టుకుంటాడు.

అడిగినవారు: లంక ఊరి అంగన్‌వాడీ టీచర్

అందరికీ చాలా థాంక్స్. చేపలు రేపే తెస్తాను, మధ్యాహ్నం కూరకీ పనికొస్తాయి. మా సూపర్‌వైజర్ గారు వస్తే చార్టు ఏదని అడుగుతారేమో, అదొక్కటే.

జవాబు: భీమవరం టీచర్

2024లో వచ్చిన 'ఆధారశిల' (మూడు నుంచి ఆరేళ్ల పిల్లల కోసం కేంద్రం తెచ్చిన పాఠ్యప్రణాళిక) కూడా ఆటపాటలతో, చుట్టుపక్కల వస్తువులతో నేర్పమనే చెబుతోంది, ధైర్యంగా చూపించండి. చార్టు కావాలంటే పిల్లలతోనే వేయించండి. పైన ఒక చేప, మధ్యలో ఒకటి, అడుగున ఒకటి, నోళ్లు ఎటు తిరిగాయో వాళ్లే గీస్తారు. చేపలు మాత్రం పొద్దున్నే తెచ్చి, చూడగానే ఐసులో పెట్టేయండి. ఆ ఎండలో పదకొండు దాకా ఆగవు.