క్లాసులో కోసే కప్పకి కూడా ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలా?

పాత_జువాలజీ:
మా ఫిజియాలజీ ప్రాక్టికల్‌లో కప్ప తల కిందికి వంచి, మెదడు పనిచేయకుండా చేయడానికి పుర్రె వెన్నెముకతో కలిసే చోట సూది దించేవాళ్లం. చేయి వణికితే రెండోసారి దించాల్సి వచ్చేది. తర్వాత గుండెకి దారం కట్టి, అది కొట్టుకోవడాన్ని పొగ పట్టించిన డ్రమ్ మీద గీతలుగా రాబట్టాలి. మనిషికో కప్ప. అడ్రినలిన్ వేస్తే గుండె వేగం పెరుగుతుందని, ఎసిటైల్‌కోలిన్ వేస్తే తగ్గుతుందని పుస్తకంలో ముందే ఉంది.

వీలైతే జంతువే లేకుండా చేయండి, లేదంటే తక్కువ వాటితో చేయండి, చేసినా బాధ తగ్గించండి అని బ్రిటిష్ శాస్త్రవేత్తలు రస్సెల్, బర్చ్ 1959లోనే చెప్పారు. పరిశోధకుడు ఎథిక్స్ కమిటీకి ఒక్కో ఎలుక గురించీ లెక్క చెప్పాలి. ప్రాక్టికల్ మాత్రం మా రోజుల్లో "సిలబస్‌లో ఉంది" అన్న మాటతో సాగిపోయేది. నన్నడిగితే బోధనకే గట్టి పరీక్ష పెట్టాలి.

ల్యాబ్_రాత్రులు:
కప్ప సంగతి ఒప్పుకుంటాను సార్, అది ఎప్పుడో పోవాల్సింది. మరి వెటర్నరీ విద్యార్థి మాటేమిటి? చర్మం ఎంత లాగితే చిరుగుతుందో రబ్బరు బొమ్మ చెప్పదు. పైగా కమిటీతో పడే తిప్పలు నాకు తెలుసు. డోసు కాస్త మార్చాలన్నా మళ్లీ ఫారం, మళ్లీ మీటింగ్. ఈలోపు ఎలుకల వయసు దాటిపోయి బ్యాచ్ మొత్తం వృథా. ఇదేం దయ?

అడ్డుపుల్ల:
కమిటీల మీద అంత నమ్మకమా? 2001లో సైన్స్ పత్రికలో వచ్చిన అమెరికా అధ్యయనం చూడండి. 50 కమిటీలు అప్పటికే చూసిన 150 దరఖాస్తుల్ని వేరే సంస్థల కమిటీలకి ఇచ్చారు. రెండు తీర్పులూ కలవడం బొమ్మా బొరుసూ వేసినట్టే ఉంది. ఇక అక్కడి జంతు సంక్షేమ చట్టంలో, పరిశోధన కోసం పెంచిన ఎలుకలు, చుంచెలుకలు, పక్షులు 'జంతువు' కిందికే రావని 2002లో రాసుకున్నారు. ల్యాబుల్లో ఎక్కువగా ఉండేవి అవే!

బయటి_సభ్యురాలు:
ఆ చట్టం వదిలేసినా, అక్కడ ప్రభుత్వ ఆరోగ్య నిధులు తీసుకునే సంస్థల్లో ఎలుకలకీ కమిటీ ఉంటుందండీ. నేను సైన్సు మనిషిని కాను, ఒక కమిటీలో బయటి సభ్యురాలిగా కూర్చున్నాను. ఒక దరఖాస్తులో 48 ఎలుకలు అని ఉంది. 48 ఎందుకు అన్నాను. "ఎనిమిది బోనులున్నాయి, ఒక్కోదాంట్లో ఆరు పడతాయి" అన్నాడాయన. గదిలో ఎవరూ నవ్వలేదు. స్టాటిస్టిక్స్ మనిషి చేత లెక్క వేయిస్తే 60 తేలింది. పెరిగిందని నాకు కోపం రాలేదు, 48తో ఏదీ తేలకపోతే ఆ 48 ఊరికే పోయేవి. తీర్పులు కలవకపోవచ్చు గానీ, ఆ ప్రశ్న అడిగే కుర్చీ ఒకటుండాలి కదా?

పాత_జువాలజీ:
ల్యాబ్_రాత్రులు గారూ, కుట్లు నేర్చుకోవడానికి యజమానులు దానమిచ్చిన కళేబరాలున్నాయి. ఆ తర్వాత నిజంగా ఆపరేషన్ అవసరమైన కుక్కకే, సీనియర్ పక్కనుండగా చేయొచ్చు, అది నయమై ఇంటికెళ్తుంది. చిన్న డోసు మార్పుల్ని పశువైద్యుడి సంతకంతో తేల్చేయాలన్న మీ బాధ మాత్రం న్యాయమే. నేను పట్టుబట్టేది ఒక్కటే: ప్రాక్టికల్‌కి ఇచ్చిన అనుమతి మూడేళ్లకి చెల్లిపోవాలి. మళ్లీ కావాలంటే, జంతువుకి బదులుగా ఈలోపు వచ్చిన మోడళ్లలో ఏవి వాడి చూశారో, అవెందుకు చాల్లేదో టీచరు రాసివ్వాలి. ఊరికే "చాల్లేదు" అంటే కుదరదు, పిల్లల మార్కులు పక్కపక్కన పెట్టి చూపించాలి.