స్టేడియం ఊరి బయటుంటే జనం తగ్గుతారా? మధురవాడ, బారాబతి వెళ్ళొచ్చిన మనవాళ్ళు చెప్పండి

బరంపురం_బ్యాటు
మాది బరంపురం. ఇక్కణ్ణుంచి రైల్లో కటక్‌కి దాదాపు 195 కిలోమీటర్లు, వైజాగ్‌కి 275 దాకా. రెండుచోట్లా మ్యాచ్‌లు చూశాను. కటక్ స్టేడియం బారాబతి ఊరి నడిబొడ్డున, కోట పక్కనే ఉంటుంది. మధురవాడది వైజాగ్ స్టేడియం అని పేరే గానీ రైల్వే స్టేషన్ నుంచి పది కిలోమీటర్ల పైమాటే. 2019 అక్టోబరులో సౌతాఫ్రికా టెస్టుకి వెళ్ళాను. రోహిత్ శర్మ టెస్టుల్లో మొదటిసారి ఓపెనర్‌గా దిగి 176, 127 కొట్టిన మ్యాచ్ అది. అలాంటి ఆట జరుగుతుంటే నేను కూర్చున్న స్టాండులో సగం కుర్చీలు ఖాళీ! తర్వాత కోహ్లీ టెస్టులకి అయిదు ఊళ్ళు ఖాయం చేస్తే చాలన్నాడు. అప్పట్నుంచీ నన్ను తొలుస్తున్న ప్రశ్న ఒకటే: జనం రానిది టెస్టు అనా, టికెట్ ధర వల్లా, స్టేడియం దూరం వల్లా? మన సరిహద్దు జిల్లాల వాళ్ళు ఎలా వెళ్తున్నారు, ఎలా వస్తున్నారు? వివరంగా రాయండి.

పర్లాకిమిడి_కుర్రోడు
వెళ్ళడం ఏటి అన్నా, రావడం గురించి అడగండి. 2023 నవంబరు 23, ఆస్ట్రేలియాతో టీ20. సూర్యకుమార్ 80 కొట్టాడు, 209 ఛేజింగ్, చివరి బంతికి రింకూ సిక్సు కొడితే అది నోబాల్, మనం గెలిచీసాం. గొంతు పోయేలా అరిచి బయటికొచ్చేసరికి రాత్రి పదకొండు. హైవే మీద ఎటు చూసినా జనమే. ఒక్క సిటీ బస్సు కనపళ్ళేదు. ఆటోవాడు ఆర్టీసీ కాంప్లెక్సు బస్టాండుకి ఎనిమిది వందలు అడిగాడు. నలుగురం హనుమంతవాక దాకా నడిచి, అక్కడ షేర్ ఆటో పట్టి కాంప్లెక్సు చేరేసరికి ఒంటిగంటన్నర. తెల్లారేదాకా బెంచీ మీదే. ఇంటికి చేరేసరికి మర్నాడు మధ్యాహ్నం అయిపోయింది. షాపు ఓనరు ఆ రోజు జీతం కోసీసాడు.
అదే ఏడాది మార్చి 19 వన్డే చూడండి. మనోళ్ళు 117కి ఆలౌట్, ఆస్ట్రేలియా 11 ఓవర్లలో కొట్టీసింది. ఏడుపొచ్చింది గానీ చీకటి పడకముందే బస్సు దొరికింది, రాత్రికి ఇంట్లో అన్నం తిన్నాను. ఇది చెప్తే చాలదా?

రిటైర్డ్_గార్డు_పలాస
వాల్తేరు డివిజన్‌లో ముప్పై నాలుగేళ్ళు గార్డుగా చేసిన వాణ్ణి. మీ అందరూ చేసే తప్పు ఒకటే, వైజాగ్ దాకా రైలెక్కుతారు. పట్టాలు విజయనగరం దాటాక కొత్తవలస, పెందుర్తి మీదుగా సింహాచలం కొండకి అవతలి పక్క నుంచి ఊళ్ళోకి వెళ్తాయి. స్టేడియం కొండకి ఇవతల, హైవే మీద ఉంది. అంటే మీరు స్టేడియాన్ని దాటి ముందుకెళ్ళి, మళ్ళీ ఊరంతా ఈదుకుంటూ వెనక్కి వస్తున్నారు. విజయనగరంలో దిగండి. స్టేషన్ నుంచి బస్టాండుకి ఆటో ఎక్కండి. వైజాగ్ బస్సు తగరపువలస, ఆనందపురం మీదుగా వెళ్తుంది, మధురవాడ కార్‌షెడ్ దగ్గర దిగితే స్టేడియం నడిచే దూరం. హౌరా లైను మీద వచ్చే బరంపురం వాళ్ళకైనా, రాయగడ లైను వాళ్ళకైనా విజయనగరమే కూడలి. దీనికి తిరుగులేదు.

పర్లాకిమిడి_కుర్రోడు
గార్డు గారూ, మీరు చెప్పింది మామూలు రోజుల్లో నిజం. మ్యాచ్ రోజు కాదు. మా బస్సుని మారికవలస దగ్గరే ఎడమకి తిప్పీసి తిమ్మాపురం మీదుగా బీచ్ రోడ్డులోకి పంపీసారు. అక్కడే దిగిపోయి నడిచాం, గంట పైనే పట్టింది. టాస్ అయిపోయి నాలుగు ఓవర్లు కూడా అయిపోయాయి. మ్యాచ్ రోజు హైవే మీద పోలీసులు ఏ బండిని ఎటు పంపుతారో రైలు పట్టాలు తెలిసినంత మాత్రాన తెలీదు కదండీ.

రిటైర్డ్_గార్డు_పలాస
బాబూ, మీరు ఆలస్యంగా బయల్దేరి రూటు మీద నెట్టేస్తే ఎలా? మ్యాచ్‌కి మూడు గంటల ముందు కార్‌షెడ్ దాటాలి. ట్రాఫిక్ మళ్ళింపు ముందురోజు పేపర్లో వేస్తారు. చదివి బయల్దేరాలి.

పర్లాకిమిడి_కుర్రోడు
వైజాగ్ ఎడిషన్ మా పర్లాకిమిడికి వస్తుందేటండీ? ఉదయం నాలుగింటికి లేచి బయల్దేరిన వాడికి "ఆలస్యంగా" అంటారేటి! మీ పలాస నుంచైతే స్టేషన్‌కి నడిచెళ్ళి ఎక్కేస్తారు. మా గుణుపురం లైన్లో బండి పోతే మళ్ళీ ఎప్పుడో. 2011లో బ్రాడ్ గేజ్ అయిందని సంబరపడ్డాం, బళ్ళు మాత్రం పెరగలేదు.

రాయగడ_రైతుబిడ్డ
ఇద్దరూ ఆగండి. గార్డు గారి లెక్క పోయేటప్పుడు పనికొస్తుంది, నేను రెండుసార్లు అలాగే వెళ్ళాను. వచ్చేటప్పుడు పనికిరాదు. రాత్రి పదకొండింటికి కార్‌షెడ్ దగ్గర చెయ్యెత్తితే విజయనగరం వైపు బస్సు ఆపడు, అప్పటికే కిక్కిరిసి ఉంటుంది. లారీ ఎక్కి ఆనందపురం దాకా వచ్చి, ఫ్లైఓవర్ కింద టీ కొట్టు దగ్గర రెండింటిదాకా నిలబడ్డాం. అందుకని పోవడానికి విజయనగరం, రావడానికి వైజాగ్ స్టేషన్. రిజర్వేషన్ మాత్రం ముందే చేయించుకోవాలి.

రిటైర్డ్_గార్డు_పలాస
నేను వెళ్ళేటప్పటి సంగతే చెప్పాను. రాత్రి సంగతి నన్నెవరూ అడగలేదు.

జయపురం_ఘాటు
మా సంగతి ఎవరూ మాట్లాడరు. జయపురం, కొరాపుట్ నుంచి రైలంటే కిరండూల్ లైను. అరకు సొరంగాలన్నీ దాటి కొత్తవలస చేరేసరికి పొద్దు వాలిపోతుంది. అందుకే సాలూరు ఘాటు మీదుగా కారులోనే వెళ్తాం. రాత్రి మ్యాచ్ చూసి ఆ ఘాటు ఎక్కడమంటే లారీల మధ్య ప్రాణం అరచేతిలో పెట్టుకోవడమే. మా వీధి నుంచి మునుపు పన్నెండు మంది వెళ్ళేవాళ్ళం. ఒకసారి మలుపులో బండి పట్టు తప్పి గోడకి రాసుకుంది. ఇప్పుడు ఇద్దరమే వెళ్తున్నాం, అదీ పగటి మ్యాచ్ అయితేనే. స్టేడియంలో ఖాళీ కుర్చీ లెక్కేసేటప్పుడు ఆ పదిమందినీ లెక్కేయండి.

పాతబరంపురం_అక్క
నేను కుట్టు పని చేస్తాను. 2025 అక్టోబరు 12, ఆదివారం, మహిళల వరల్డ్ కప్, ఆస్ట్రేలియాతో మ్యాచ్. మా వీధి ఆడవాళ్ళం ఎనిమిది మందిమి, ముగ్గురు పిల్లలు, ఒక వింగర్ వ్యాను మాట్లాడుకుని వెళ్ళాం. స్టేడియంలో మిథాలీ రాజ్ పేరు, మన ఆంధ్ర క్రికెటర్ రావి కల్పన పేరు పెట్టింది ఆ రోజే. మనమ్మాయిలు 330 కొట్టారు. హీలీ 142 కొట్టి మ్యాచ్ లాగేసుకుంది. అయినా మా పిల్ల స్మృతి, స్మృతి అని అరుస్తూనే ఉంది.
వ్యాను రెండు కిలోమీటర్ల అవతల ఆపమన్నారు. మ్యాచ్ అయ్యాక ఆ చీకట్లో పిల్లల్ని ఎత్తుకుని నడిచాం. డ్రైవరుకి ఫోను కలవలేదు. మా చిన్నది హైవే డివైడర్ మీద నా చీర కొంగు పరుచుకుని నిద్రపోయింది. బరంపురం చేరేసరికి ఉదయం అయిదున్నర. ఏడింటికి మిషను ముందు కూర్చున్నాను. మళ్ళీ వెళ్తారా అంటే వెళ్తాను. కానీ తోడు లేకుండా ఒక్క ఆడమనిషి బస్సులో వెళ్ళి రాత్రి తిరిగి రాగలదా? రాలేదు. అలా ఇంట్లో ఆగిపోయినవాళ్ళు ఎంతమందో.

గుణుపురం_గోల్‌కీపర్
అక్కా, దండం మీకు. కానీ ఊరి నడిబొడ్డున ఉందని బారాబతిని ఎందుకు మెచ్చుకోవాలో నాకు అర్థం కాదు. 2015లో ఏం జరిగింది? ఇండియా 92కి ఆలౌటైతే సీసాలు విసిరి ఆట ఆపించారు. 2025 ఫిబ్రవరి 9న ఇంగ్లండ్ వన్డేలో ఫ్లడ్‌లైట్ ఆరిపోయి అరగంట ఆగింది. ఊరి మధ్యలో ఉంటే సరిపోతుందా?

బరంపురం_బ్యాటు
ఈ ముక్క ఎవరో ఒకరు అంటారని తెలుసు. 2015లో విసిరినవాళ్ళు కొందరు. ఆ ఒక్కరోజుని పట్టుకుని కటక్ జనాన్ని తిట్టడం అన్యాయం. లైటు ఆరిన రోజు నేను అక్కడే ఉన్నాను. రోహిత్ 119 కొట్టాడు, 305 ఛేజ్ చేసి గెలిచాం. లైటు ఆగినప్పుడు ఒక్కరు లేచి వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో చెప్పనా? ఎంత ఆలస్యమైనా స్టేషన్‌కి అయిదారు కిలోమీటర్లే, ఆటో దొరక్కపోతే నడిచిపోవచ్చు. హౌరా నుంచి దక్షిణాదికి పోయే బళ్ళు ఆ లైను మీదే కదా. మధురవాడలో అయితే పదిన్నర దాటగానే జనం లేచి గేటు వైపు చూస్తారు. నేనూ లేచాను ఒకసారి, చివరి రెండు ఓవర్లు రోడ్డు మీద ఫోన్లో చూశాను. డబ్బు పెట్టి కొన్న టికెట్టు అది!

గుణుపురం_గోల్‌కీపర్
నేను జనాన్ని తిట్టలేదు, ఏర్పాట్లని అన్నాను. మాటలు మార్చకండి.

బరంపురం_బ్యాటు
"విసిరారు" అని రాసింది మీరే. పైకెళ్ళి చదువుకోండి.

బల్లార్షా_శీను
మాది ఇంకో సరిహద్దు, మహారాష్ట్ర బల్లార్షా. మాకు దగ్గర నాగ్‌పూర్. ఎనకట మ్యాచ్‌లు సివిల్ లైన్స్ గ్రౌండ్ల అవుతుండె. రైలు దిగి నడుసుకుంట పోయేటోళ్ళం. 2008ల జామ్‌ఠాకు మార్చిన్రు, వార్ధా రోడ్డు మీద ఊరికి చానా దూరం. అక్కడ పెట్టిన మొదటి టెస్టే గంగూలీ ఆఖరి టెస్టు. నేను పోయిన. 45 వేల మంది పట్టే స్టేడియంల అరుపు కొడితే మల్ల ఇనవడేటంత ఖాళీ. దాదాను సాగనంపే నాడు గట్ల ఉండుడు చూసి పాణం సివుక్కుమన్నది. 2019ల మెట్రో ఖాప్రీ దాక ఒచ్చింది. మ్యాచ్ రోజు రాత్రి పొద్దుపోయినంక గూడ నడుపుతున్రు. అయినా ఖాప్రీ నుంచి జామ్‌ఠా ఇంక కొన్ని కిలోమీటర్లున్నది, ఆ ముక్కనే కష్టం. మెట్రో ఉన్నదా అని అడగొద్దు, గేటు కాడి దాక ఉన్నదా అని అడగాలె.

రాయగడ_రైతుబిడ్డ
ఇది నిజం. మా చెల్లెలు హైదరాబాద్‌లో ఉంటుంది. ఉప్పల్‌లో అయితే స్టేడియం పేరుతోనే మెట్రో స్టేషన్ ఉంది, ఐపీఎల్ రోజు రాత్రి రైళ్ళు పొడిగిస్తారు. చెల్లెలు ఆఫీసు నుంచి నేరుగా వెళ్ళి, పన్నెండున్నరకల్లా గదికి చేరుతుంది. ఉప్పల్ కూడా ఒకప్పుడు ఊరి చివరే కదా! చెన్నైలో చెపాక్‌కి లోకల్ రైలు పక్కనే ఆగుతుంది. వైజాగ్‌లో మెట్రో ఇంకా రాలేదు. దూరం కిలోమీటర్లలో కొలవకూడదు, రాత్రి బండి ఉందా లేదా అన్నదే దూరం.

పెద్దాయన_1996
నా మాట కూడా వినండి. 1996 వరల్డ్ కప్‌లో ఆస్ట్రేలియా, కెన్యా మ్యాచ్ వైజాగ్‌లోనే జరిగింది, ఊరి మధ్యలో ఉన్న ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో. మార్క్ వా 130 కొట్టాడు. ఇండియా లేని మ్యాచ్‌కి కూడా మేం ఇచ్ఛాపురం నుంచి ప్యాసింజర్లో వెళ్ళాం. స్టేషన్లో మొహం కడుక్కుని, ఇడ్లీ తిని, పది రూపాయల రిక్షాలో చేరాం. 2005లో మధురవాడ మొదటి వన్డేకి, ధోనీ పాకిస్థాన్ మీద 148 కొట్టినదానికి, మా అబ్బాయి వెళ్తే అప్పుడా చుట్టుపక్కల అంతా ఖాళీ పొలాలే. ఊళ్ళో స్థలం లేక బయట కట్టారు, అర్థం చేసుకోగలను. కానీ ఇప్పుడు నాకు డెబ్బై రెండు. ఆ కుర్రాడిలా హనుమంతవాక దాకా నడవలేను. టీవీయే గతి.

జయపురం_ఘాటు
ఇంకొకటి మరిచారు. ఆన్‌లైన్‌లో టికెట్ కొన్నా, ముందుగా కౌంటరుకి వెళ్ళి కాగితం టికెట్ మార్చుకోవాలి అన్నారు ఒకసారి. వైజాగ్‌లో ఉన్నవాడికి అది సాయంత్రం బండి మీద ఒక చుట్టు. నాకు జయపురం నుంచి రెండు ప్రయాణాలు, రెండు రోజుల కూలి. ఆ ఒక్క నియమం వల్లే మా అన్నయ్య టికెట్ ఎవరికో ఇచ్చేశాడు.

పాతబరంపురం_అక్క
మాకూ అదే అయింది! వైజాగ్‌లో ఉన్న మరిదిగారు రెండు గంటలు క్యూలో నిలబడి తెచ్చిపెట్టారు. చుట్టాలు లేనివాళ్ళ గతేమిటి?

భువనేశ్వర్_తెలుగబ్బాయి
హాకీ గురించి ఒక్కరూ రాయరేం? 2018 వరల్డ్ కప్ అంతా మా భువనేశ్వర్ కళింగ స్టేడియంలోనే. సరిగ్గా ఆ నవంబరులోనే మో బస్ అనే సిటీ బస్సు సర్వీసు మొదలైంది. క్వార్టర్స్‌లో నెదర్లాండ్స్ చేతిలో 2-1తో ఓడిన రాత్రి కూడా బస్సు ఎక్కి ఇంటికి చేరాను. ఏడుస్తూ చేరాను, కానీ చేరాను.

గుణుపురం_గోల్‌కీపర్
హాకీ మ్యాచ్ గంటన్నర. వన్డే ఎనిమిది గంటలు. రెండింటికీ పోలికేంటి?

భువనేశ్వర్_తెలుగబ్బాయి
పోలిక బస్సులో ఉంది, ఆటలో కాదు. 2023లో మన సుందర్‌గఢ్ పిల్లలు రూర్కెలాలో వాళ్ళ గడ్డ మీద వరల్డ్ కప్ చూశారు. జనం ఉన్నచోటికి స్టేడియం వెళ్ళింది. అదెందుకు మాట్లాడకూడదు?

రిటైర్డ్_గార్డు_పలాస
పర్లాకిమిడి బాబుకి. నిన్న రాత్రంతా ఆలోచించాను. మారికవలస మళ్ళింపు సంగతి నాకు తెలియని మాట నిజం. అయినా వెళ్ళేటప్పుడు విజయనగరమే మేలంటాను. వచ్చేటప్పుడు వైజాగ్ స్టేషన్‌కి వచ్చి, అర్ధరాత్రి దాటాక హౌరా వైపు పోయే బండి ఏదైనా పట్టుకుని పలాసలో దిగండి. ఆ వేళప్పుడు పర్లాకిమిడి జీపు దొరకదు. మా ఇల్లు స్టేషన్‌కి దగ్గరే, నలుగురు పడుకోవచ్చు. నంబరు మెసేజ్‌లో పంపుతాను.

పర్లాకిమిడి_కుర్రోడు
గార్డు గారూ, కోపంలో ఏదో అనీసాను, ఏటీ అనుకోకండి. ఈసారి ముగ్గురం వస్తాం.

కొత్తసభ్యుడు_ఛత్రపురం
అన్నీ చదివాను. బారాబతి దగ్గర బైకు ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పలేదు?

బరంపురం_బ్యాటు
బైకు బరంపురం స్టేషన్ స్టాండులో పెట్టి రైలెక్కు తమ్ముడూ.