68 ఏళ్ల వయసులో మతిమరుపుకి ఈస్ట్రోజన్ మొదలుపెట్టవచ్చా?

ప్రశ్న:
అమ్మకి 68. నెలసరి ఆగి 17 ఏళ్లు. గర్భసంచి ఉంది. వేడి ఆవిర్లు లేవు. ఏడాదిగా పేర్లు, వస్తువులు పెట్టిన చోట్లు మర్చిపోతోంది. ఈస్ట్రోజన్ (ఆడ హార్మోను) ప్యాచ్, అంటే చర్మానికి అంటించేది, పనిచేస్తుందా?

జవాబు 1:
మతిమరుపు కోసమైతే వద్దండి. 'విమ్స్' పరిశోధన తేల్చాలనుకున్నది ఇదే. 65 దాటిన 4,532 మందిలో దాదాపు సగం మందికి రోజూ 0.625 మి.గ్రా. కాంజుగేటెడ్ ఈస్ట్రోజన్, 2.5 మి.గ్రా. మెడ్రాక్సీప్రొజెస్టెరాన్ (ప్రొజెస్టెరాన్ లాంటి మందు) కలిపి ఇచ్చారు, మిగతావాళ్లకు మందు లేని మాత్ర. 2003లో ఫలితాలు వచ్చాయి: మందు వాడినవాళ్లలో 40 మందికి డిమెన్షియా (మతి క్షీణించే జబ్బు), వాడనివాళ్లలో 21 మందికి. ఏడాదికి పదివేల మంది లెక్కన 45, 22. ఒక్క మనిషికి ఆ ముప్పు చిన్నదే. కానీ మెదడును కాపాడుతుందని ఆశపడిన మందు ఇది! గర్భసంచి తీసేసినవాళ్లకు ఈస్ట్రోజన్ ఒక్కటే ఇచ్చి చూసినా మేలు కనబడలేదు.

ప్రశ్న అడిగినవారు:
అవి మాత్రలు కదా, ప్యాచ్ వేరు కాదా?

జవాబు 2:
వేరే. చర్మం ద్వారా వెళ్లే మందు ముందుగా కాలేయం గుండా పోదు కాబట్టి రక్తం గడ్డకట్టే ముప్పు మాత్రకన్నా తక్కువ. జ్ఞాపకశక్తికి మాత్రం అదీ కలిసిరాలేదు. 'కీప్స్' పరిశోధనలో నెలసరి ఆగి మూడేళ్లు దాటనివాళ్లకు 50 మైక్రోగ్రాముల ప్యాచ్ నాలుగేళ్లు వాడించారు. పెరిగిందీ లేదు, తగ్గిందీ లేదు. పైగా గర్భసంచి ఉంది కాబట్టి ప్రొజెస్టెరాన్ కూడా తప్పదు. లేకపోతే లోపలి పొర మందమై క్యాన్సర్‌కు దారితీయవచ్చు.
45 ఏళ్లలోపే అండాశయాలు తీసేసినవాళ్ల సంగతి వేరు. వాళ్లకు అడ్డేమీ లేకపోతే 51 దాకా ఇవ్వడమే పద్ధతి. యోని పొడిబారితే వాడే తక్కువ డోసు ఈస్ట్రోజన్ క్రీమునీ దీనితో కలపకండి, అది రక్తంలోకి చేరేది చాలా తక్కువ.

జవాబు 3:
ముందు మందుల సంచీ మొత్తం డాక్టరు ముందు పెట్టండి. దిగులుకి, నరాల నొప్పికి వాడే అమిట్రిప్టిలిన్, మూత్రం ఆపుకోలేకపోతే వాడే ఆక్సీబ్యుటినిన్, జలుబుకి వాడే క్లోర్‌ఫెనిరమిన్, నిద్రమాత్రలు: ఇవే చాలాసార్లు మతిమరుపు తెస్తాయి. ఆందోళనకి రోజూ వేసుకునే అల్ప్రజోలాం ఉంటే ఒక్కసారిగా ఆపకండి, ఫిట్స్ రావచ్చు, మెల్లగా తగ్గించాలి. తర్వాత బి12 (షుగరు మందు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే తప్పనిసరిగా), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), సోడియం, షుగరు చేయించండి. బీపీ, వినికిడి, దిగులు, నిద్రలో గురక చూపించుకోవాలి. జ్ఞాపకశక్తిని, ఆలోచనను కొలిచే 30 మార్కుల 'మోకా' పరీక్ష ఇప్పుడోసారి చేయించి కాగితం దాచండి. ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ చేయిస్తే, జ్ఞాపకశక్తి తగ్గుతోందా నిలకడగా ఉందా అన్నది అప్పుడు తెలుస్తుంది.