ఒక్క జన్యువు చెడితే క్యాన్సర్ వస్తుందా?

ప్రశ్న: రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ కొందరు పిల్లలకు రెండు కళ్లలోనూ, మరికొందరికి ఒకే కంటిలోనూ ఎందుకు వస్తుందో దయచేసి వివరించగలరా?

జవాబు 1: 13వ క్రోమోజోమ్‌పై ఉండే ఆర్‌బి1 జన్యువు తయారుచేయించే ప్రోటీన్, కణం అదుపు లేకుండా విభజన చెందకుండా పట్టి ఉంచే కళ్లెం వంటిదండీ. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చిన రెండు ప్రతుల్లో ఒకటి చెడినా రెండోది ఆ పని చూసుకుంటుంది కనుక, రెండూ చెడితేనే కళ్లెం తెగుతుంది. 1971లో అమెరికా జన్యుశాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ నూడ్సన్ ప్రతిపాదించిన ‘రెండు దెబ్బల’ సిద్ధాంతానికి మూలమిదే.

జవాబు 2: పుట్టుకతోనే ఒక ప్రతి చెడి ఉన్న బిడ్డలో, రెటీనా (కంటి లోపలి వెనుక పొర) కణాలు వేగంగా విభజన చెందే ఆ తొలి కాలంలో, ఏ కణంలోనైనా మరొక్క ఉత్పరివర్తన (జన్యువులో మార్పు) జరిగి రెండో ప్రతీ చెడితే చాలు, అందుకే తరచుగా రెండు కళ్లూ దెబ్బతింటాయి. మిగిలినవారిలో ఒకే కణానికి రెండు దెబ్బలూ తగలాలి, అది చాలా అరుదు కనుక సాధారణంగా ఒకే కంటిలో వస్తుంది.

జవాబు 3: ఫొటోలో బిడ్డ కంటిపాప తెల్లగా మెరిస్తే, అది ఈ క్యాన్సర్ సంకేతం కావచ్చు కనుక, ఆలస్యం చేయకుండా కంటి వైద్యులకు చూపించండి.