ఒకే ఇంజనీర్, మూడు సైట్లు: ఖర్చు లెక్క సాఫ్ట్‌వేర్‌లోనా, ఎక్సెల్ చాలా?

పీణ్య_ప్లానర్:
బెంగళూరు పీణ్యలో మాది ఏసీ పనుల కాంట్రాక్టు కంపెనీ, నేను ప్లానింగ్ చూస్తాను. వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ, దేవనహళ్ళి, మూడు సైట్లకీ టెస్టింగ్ ఇంజనీర్ ఒక్కడే. ఎంఎస్ ప్రాజెక్ట్ అనే ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌లో మూడూ వేర్వేరు ఫైళ్ళు, ఏది తెరిచినా మనవాడు 100 శాతం, ఎక్కడా గొడవ లేదు. మొన్న మూడింటినీ ఒకే రిసోర్స్ పూల్‌కి (ప్రాజెక్టులన్నీ పంచుకునే మనుషుల పట్టిక ఫైల్) కలిపితే రెండు వారాల పాటు 300 శాతం, అంటే ఒక్కడి మీద ముగ్గురి పని, పేరంతా ఎర్రగా! ప్రింట్ తీసి చూపిస్తే మా మేనేజర్ "ఈ రంగులు మనకెందుకయ్యా, ఎక్సెల్‌లో గంటలు రాసుకో, జీతం ఎలాగూ అంతేగా" అన్నారు. మీరేమంటారు?

ఎక్సెల్_చాలు:
మీ మేనేజర్‌గారికే నా ఓటు. పదిమంది ఉన్న టీమ్‌కి పూల్ ఏంటి బ్రో. ఎవరో ఒకరు ఆ పూల్ ఫైల్‌ని వేరే ఫోల్డర్‌లోకి మారుస్తారు, లింకులు పోతాయి, సోమవారం పొద్దున్నే నువ్వు తల పట్టుకుని కూర్చుంటావు. మాకు రెండుసార్లు అయింది.

సైట్_బాబాయ్:
అసలు ఆ గంటలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో ఎవరైనా చూశారా బాబూ? మా సైట్లో శనివారం సాయంత్రం ఆరింటికి కుర్రాడు బైక్ ఎక్కి, హెల్మెట్ కూడా తియ్యకుండా ఫోన్లో 8, 8, 8 అని ఆరు రోజులకీ కొట్టేసి వెళ్ళిపోతాడు. మంగళవారం వైట్‌ఫీల్డ్‌లో మధ్యాహ్నం దాకా ఉండి ఎలక్ట్రానిక్ సిటీకి బయల్దేరితే సిల్క్ బోర్డు దగ్గరే పొద్దు గూకుతుంది. ఆ టైమ్ ఏ ప్రాజెక్టు ఖాతాలో వెయ్యాలి?

అంబత్తూరు_కాస్టింగ్:
బాబాయ్ గారు చెప్పింది నిజమే, అందుకే మా దగ్గర గంటలు మానేసి పూటల్లో రాయిస్తున్నాం. పొద్దున ఏ సైట్, మధ్యాహ్నం ఏ సైట్, అంతే. ప్రయాణం వేరే లైన్. ఇది ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా రాసుకోవచ్చు.
కానీ ఖర్చు దగ్గర ఒక దెబ్బ తిన్నాం, చెప్తాను. ఒక పనికి 100 గంటలు, అందులో 60 ఓవర్‌టైమ్ అని వేశాం. మామూలు రేటు గంటకి 400. ఓవర్‌టైమ్ రేటు గడి మాత్రం సున్నా మీదే వదిలేశాం. 16,000 చూపించింది! ఓవర్‌టైమ్‌కి 600 చొప్పున ఇవ్వాలి కాబట్టి అసలు ఖర్చు 52,000. మనిషిచేత ఎంత ఎక్కువ ఓవర్‌టైమ్ చేయిస్తే ప్రాజెక్టు అంత చవగ్గా కనిపించింది, నెలంతా అందరం సంతోషంగా ఉన్నాం. రోజుకి 8 గంటలు దాటితే అదే ఓవర్‌టైమ్ రేటు వేసుకుంటుందనుకోకండి, ఓవర్‌టైమ్ వర్క్ అని విడిగా నింపితేనే వేస్తుంది.

ఎక్సెల్_చాలు:
చూశారా, ఎక్సెల్ అయితే ఆ సున్నా ఎదురుగా కనపడేది :)

అంబత్తూరు_కాస్టింగ్:
కనపడేదేమో. కానీ వైట్‌ఫీల్డ్ పని వారం జరిగితే మీ షీట్‌లో దేవనహళ్ళి గంటలు ఎవరు జరుపుతారండీ? చేత్తో మీరే కదా.

పీణ్య_ప్లానర్:
సరిగ్గా అదే జరిగింది అక్కా. వైట్‌ఫీల్డ్‌లో కరెంటు కనెక్షన్ ఆలస్యమై టెస్టింగ్ వెళ్ళి దేవనహళ్ళి తేదీల మీద పడింది, మనవాడు కదల్లేడు, బయటి ఇంజనీర్‌ని 12 రోజులు పెట్టుకున్నాం. ఆ బిల్లు దేవనహళ్ళి ఖాతాలో పడింది, నష్టం తెచ్చిన సైట్ మాత్రం లాభంలో ఉంది. "జీతం ఎలాగూ అంతే" అన్నమాటకి నా దగ్గరున్న జవాబు ఆ బిల్లే.

సైట్_బాబాయ్:
ఇది ముందే చెప్పొచ్చుగా నాయనా. ఆ బిల్లు తీసుకెళ్ళి టేబుల్ మీద పెట్టు, ఎర్ర రంగు ప్రింట్ కాదు.

పీణ్య_ప్లానర్:
పెట్టాను. మెత్తబడ్డారు, లెవెలింగ్ (ఒకే మనిషి మీద ఒకేసారి పడ్డ పనుల్ని సాఫ్ట్‌వేర్ తర్వాతి తేదీలకి జరపడం) చేసి చూపించమన్నారు. చేస్తే దేవనహళ్ళి హ్యాండోవర్ మూడు వారాలు ఆలస్యం అని వచ్చింది. ప్రయారిటీ 0 నుంచి 1000 దాకా ఇవ్వొచ్చు, ఇప్పుడన్నీ మామూలుగా వచ్చే 500 మీదున్నాయి, ఏ సైట్‌కి ఎక్కువ ఇవ్వమంటారు అని అడిగితే "మూడూ అర్జెంటే" అన్నారు. మూడింటికీ 1000 పెట్టేయనా?

అంబత్తూరు_కాస్టింగ్:
1000 పెడితే లెవెలింగ్ ఆ పనుల్ని అసలు ముట్టుకోదు తమ్ముడూ. మళ్ళీ 300 శాతమే.