టాక్‌బ్యాక్‌లో మా లెక్కల యాప్ సరిగా చదవట్లేదు

ప్రశ్న (రాయగడ): మేం నలుగురం ఇంజినీరింగ్ కుర్రాళ్లం. చూపులేని పిల్లలకి తెలుగులో లెక్కల యాప్ చేస్తున్నాం. మా వీధి పిల్లాడికిస్తే, టాక్‌బ్యాక్ (ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెరమీదున్నది చదివి వినిపించేది) ఎక్కడ వేలు పెట్టినా "బటన్, బటన్" అంటోంది. "ఇదేంటన్నా, బటన్ల కొట్టా?" అన్నాడు వెధవ! భిన్నాలైతే అసలు చదవదు. ఏం చెయ్యాలి?

జవాబు (పర్లాకిమిడి): తమ్ముడూ, భిన్నాలు ఫొటోలుగా పెట్టేసుంటారు. కంటెంట్ డిస్క్రిప్షన్‌లో (ఫొటోకి బదులు టాక్‌బ్యాక్ చదివే మాటలు రాసే చోటు) "నాలుగింట మూడు వంతులు" అని రాయండి. 3/4 అని వదిలేస్తే తేదీలా చదివినా చదువుతుంది. ప్రతి బటన్‌కీ అది చేసే పనే పేరుగా పెట్టండి: "తర్వాతి లెక్క", "మళ్లీ వినిపించు".

జవాబు (బరంపురం): నాకు చూపు తక్కువ. లేత బూడిదరంగు అక్షరాలంటే ఒళ్లుమంట. కాంట్రాస్ట్ (అక్షరాలకీ వెనకున్న రంగుకీ మధ్య వెలుగు తేడా) 4.5:1కి తగ్గనివ్వకండి బాబూ. బటన్లు కనీసం 48 డీపీ (ఆండ్రాయిడ్‌లో తెరమీద సైజు కొలిచే యూనిట్) ఉండాలి.

రాయగడ: ఫొటోలే అన్నా! మారుస్తున్నాం. ఆ పిల్లాడి అమ్మ ఒడియాలోనూ కావాలంటోంది, ముందు ఇది తేలనీ.