"జననీ జన్మభూమిశ్చ": రామాయణంలో ఎన్నో సర్గ?

బడిపలక: ఆగస్టు 15 లోపు బడి గోడ మీద "జననీ జన్మభూమిశ్చ స్వర్గాదపి గరీయసీ" (తల్లి, పుట్టిన నేల స్వర్గం కంటే గొప్పవి) రాయించాలి. కింద "వాల్మీకి రామాయణం, యుద్ధకాండ" అని వేయమంటున్నారు. సర్గ, శ్లోకం సంఖ్య ఎవరైనా చెప్పగలరా?

తాళపత్రం: వాల్మీకి పేరు వేయించకండి. గీతా ప్రెస్ ప్రతిలో యుద్ధకాండకు 128 సర్గలు, వాటిలో ఈ పంక్తి లేదు. బరోడా ప్రాచ్యవిద్యా సంస్థ వారు 1960–75 మధ్య తెచ్చిన పరిశోధిత ప్రతిలో (ఎన్నో రాతప్రతులు పోల్చి తేల్చిన పాఠం) యుద్ధకాండ 116 సర్గలకు తగ్గింది. ఆ మూలపాఠంలోనూ లేదు.

జనం నోట ఈ పంక్తికి ముందు రెండు రకాల పూర్వార్ధాలు వినిపిస్తాయి. ఒకటి, లంక బంగారమే అయినా నాకు రుచించదు అని రాముడు తమ్ముడు లక్ష్మణుడితో అన్నట్టుగా:

అపి స్వర్ణమయీ లంకా న మే లక్ష్మణ రోచతే

రెండోది భరద్వాజుడు రాముడితో అన్నట్టుగా:

మిత్రాణి ధనధాన్యాని ప్రజానాం సమ్మతానివ

రెండోదానికి మద్రాసులో అచ్చైన ఒక ప్రతిని చూపించి 124వ సర్గ, 17వ శ్లోకం అంటుంటారు. మొదటిదానికి ఆమాత్రం చిరునామా కూడా ఎవరూ ఇవ్వరు. ఒకే ఉత్తరార్ధం ఇద్దరు వక్తల నోట, రెండు వేర్వేరు పూర్వార్ధాలతో తిరుగుతోందంటే, అది విడిగా ప్రచారంలో ఉన్న సూక్తి అనీ, ముందు సగాన్ని తర్వాత ఎవరో అతికారనీ అనుమానించాలి.

గణవిభజన: అతుకు అని అంత తేలిగ్గా తేల్చేస్తే ఎలాగండీ? అనుష్టుప్పు (పాదానికి ఎనిమిది అక్షరాల శ్లోక ఛందస్సు) చక్కగా కుదిరింది కదా. ఐదో అక్షరం లఘువు, ఆరోది గురువు, ఏడోది బేసి పాదంలో గురువు, సరి పాదంలో లఘువు కావాలి. జ-న-నీ-జ-న్మ-భూ-మి-శ్చ: "న్మ" లఘువు, "భూ" గురువు, "మి" వెనక సంయుక్తం ఉంది కనుక గురువు. స్వ-ర్గా-ద-పి-గ-రీ-య-సీ: "గ" లఘువు, "రీ" గురువు, "య" లఘువు. "అపి స్వర్ణమయీ" పాదాలూ అంతే శుభ్రంగా నడుస్తాయి.

తాళపత్రం: నడుస్తాయి, కాదనను. కానీ నిన్న మొన్న రాసిన శ్లోకానికీ అనుష్టుప్పు కుదురుతుంది. ఛందస్సు తప్పితే "వాల్మీకిది కాదేమో" అనవచ్చు గానీ, కుదిరినంత మాత్రాన "వాల్మీకిదే" అనలేం. అడగాల్సింది సందర్భం. లక్ష్మణుడు లంకలో ఉండిపోదాం అన్నాడా? వాల్మీకంలో అనడు. ఉండమన్నది విభీషణుడు. గీతా ప్రెస్ ప్రతిలో 121వ సర్గ తీసి చూడండి. తెల్లవారాక విభీషణుడు స్నానానికి, చందనానికి, బట్టలకు, నగలకు ఏర్పాట్లు చేసి వస్తాడు. రాముడి జవాబు ఇదీ:

తం వినా కేకయీపుత్రం భరతం ధర్మచారిణమ్
న మే స్నానం బహుమతం వస్త్రాణ్యాభరణాని చ

భరతుడు లేకుండా నాకు స్నానమూ వద్దు, బట్టలూ వద్దు, నగలూ వద్దు అంటున్నాడు. "వస తావదిహ ప్రాజ్ఞ" అని విభీషణుడు మళ్ళీ బతిమాలినా, తమ్ముణ్ణీ తల్లులనూ చూడాలనే ఒప్పుకోడు. బంగారు లంక, స్వర్గం అన్న పోలికలు అక్కడ రావు. నా మటుకు నాకు ఈ స్నానం మాటే పెద్దది. పద్నాలుగేళ్ళ తర్వాత ఇంటికెళ్ళాలనుకునే మనిషి మాటలా ఉంది.

గణవిభజన: ఆ 121వ సర్గ తెలుగునాట అచ్చైన ప్రతుల్లో అదే అంకె మీద దొరకకపోవచ్చు. దాక్షిణాత్య పాఠంలో (దక్షిణాదిన ప్రచారంలో ఉన్న పాఠం) యుద్ధకాండను 131 సర్గలుగా విడగొట్టిన ప్రతులున్నాయి, చివరికొచ్చేసరికి అంకెలు రెండు మూడు జరుగుతాయి. "124లో ఉంది", "124లో లేదు" అని కొట్టుకునేవాళ్ళు ముందు ఏ ప్రతో చెప్పుకోవాలి. గీతా ప్రెస్ 124 "పూర్ణే చతుర్దశే వర్షే పంచమ్యాం లక్ష్మణాగ్రజః" అని మొదలవుతుంది, రాముడు భరద్వాజాశ్రమం చేరడం. సంఖ్యతో కాకుండా ఈ మొదటి పాదంతో వెతికితే ఏ ప్రతిలోనైనా పట్టుబడుతుంది.

"మిత్రాణి" పాఠం మీద నాకూ అనుమానమే. సమ్మతాని + ఇవ అంటే సవర్ణదీర్ఘం వచ్చి "సమ్మతానీవ" కావాలి. అప్పుడు ఏడో అక్షరం "నీ" గురువై సరి పాదం చెడుతుంది. "నివ" అని హ్రస్వం ఉంచితే సంధి చెడుతుంది. "ఇవ" (లాగా) అనే అర్థంలోనే "వ" అనే అవ్యయం ఉంది కనుక "సమ్మతాని వ" అని విడగొట్టి గట్టెక్కించవచ్చు. కానీ అర్థమూ తిన్నగా అతకదు.

వంగసాహితి: తేదీ తెలిసిన ఒక ప్రయోగం: బంకించంద్రుడి "ఆనందమఠం", పుస్తకంగా 1882. భవానందుడు వందేమాతరం పాడుతుంటే మహేంద్రుడు "ఇది దేశం, తల్లి కాదే" అంటాడు. మేం వేరే తల్లిని ఎరగం అంటూ భవానందుడు ఈ పంక్తి చదువుతాడు. అక్కడ రాముడి పేరూ లేదు, వాల్మీకి పేరూ లేదు, ముందు సగమూ లేదు. అందరికీ తెలిసిన మాటన్నట్టే వాడాడు. నేపాల్ రాజచిహ్నం మీదా ఈ పంక్తి ఒక్కటే ఉంది. 2006లో చిహ్నం మార్చినా దీన్ని తీసెయ్యలేదు.

బడిపలక: మన "దేశభాషలందు తెలుగు లెస్స" తగాదా లాంటిదేనా ఇది?

తాళపత్రం: కాదండీ. దానికి రెండు ఇళ్ళున్నాయి: క్రీడాభిరామం, ఆముక్తమాల్యద. తగువల్లా క్రీడాభిరామం వల్లభరాయుడిదా, శ్రీనాథుడిదా అని. ఈ పంక్తికి సొంత ఇల్లే తేలలేదు. రామాయణం నుంచే పుట్టినూరి మాట కావాలంటే 123వ సర్గలో ఉంది. పుష్పకం మీద నుంచి రాముడు అయోధ్యను చూపిస్తూ, "ఏషా సా దృశ్యతే సీతే రాజధానీ పితుర్మమ, అయోధ్యాం కురు వైదేహి ప్రణామం పునరాగతా" అంటాడు. తిరిగి వచ్చావు, అయోధ్యకు దణ్ణం పెట్టు అని. దీని కింద వాల్మీకి పేరు నిశ్చింతగా వేసుకోవచ్చు.

గణవిభజన: పాత పంక్తే రాయిస్తే కింద "సంస్కృత సూక్తి" అని వేస్తే చాలు. పెయింటరుకు ఇచ్చే కాగితం మీద మాత్రం "గరీయసీ" దీర్ఘం పెద్దగా రాయండి. గోడల మీద సగం చోట్ల "గరీయసి" అని ఉంటుంది. హ్రస్వమైతే అది సంబోధనో సప్తమో అవుతుంది, వాక్యం నిలవదు. తల్లి, నేల ఇద్దరున్నారు కదా, ద్వివచనంలో "గరీయస్యౌ" ఉండాలని ఎవరైనా పట్టుబడితే, దగ్గరి పదంతో అన్వయించి ఏకవచనం వాడటం ఉన్నదే అని చెప్పండి. "శ్చ" ఒత్తు కూడా చూసుకోండి, "శ్ఛ" అని రాసేస్తుంటారు.